కొలెస్టరాల్ మాత్ర: యాభై ఏళ్ల అనుభవం

మన సభ్యులలో పలువురు రాత్రిపూట వేసుకునే కొలెస్టరాల్ మాత్రకు మూలం ఒక బూజు. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో దాదాపు 6,000 సూక్ష్మజీవులను పరీక్షించి, 1973లో బియ్యంలో దొరికిన నీలిబూజు నుండి కాంపాక్టిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ఆ కోవకు చెందిన లోవాస్టాటిన్‌కు 1987లో అమెరికాలో అనుమతి లభించింది.

తరువాత వచ్చిన స్టాటిన్లన్నీ ఒకే కుటుంబానివైనా వాటి గుణదోషాలు ఒకటి కావు. 1997లో వచ్చిన సెరివాస్టాటిన్ కొందరిలో కండరాలను కరిగించి మూత్రపిండాలను దెబ్బతీయడంతో, 2001 ఆగస్టులో తయారీదారులే దానిని ఉపసంహరించుకున్నారు. అప్పటికి అమెరికాలో నమోదైన 31 మరణాలలో 12 మంది జెమ్‌ఫైబ్రోజిల్ అనే మరో మందు కూడా వాడినవారే. సింవాస్టాటిన్ 80 మిల్లీగ్రాముల మోతాదును కొత్తగా ఎవరికీ మొదలుపెట్టవద్దని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2011లో సూచించింది. ఈ మందుకు క్లారిత్రోమైసిన్ తోడైతే రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. రోసువాస్టాటిన్‌తో ఈ చిక్కు తక్కువ.

అలాగని ప్రతి నొప్పికీ మందే కారణం కాదు. బాధలు తాళలేక స్టాటిన్ మానేసిన 60 మందికి లండన్‌లో కొన్ని నెలలు అసలు మాత్ర, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం బాధలలో నూటికి 90 పాళ్లు ఉత్తుత్తి మాత్రతోనూ కనిపించాయి. అది తెలిశాక వారిలో సగం మంది తిరిగి మందు మొదలుపెట్టారు.

కనుక సభ్యులు మాత్రను తమంతట తాము మానరాదు. కండరాల నొప్పి, నీరసం ఎక్కువైనా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. వాడుతున్న మందులన్నిటి చీటీ వెంట తీసుకువెళ్లడం మరువరాదు.