‘అందరికీ’ అన్నప్పుడు ఆ అందరూ ఎవరు?



ఫస్టియర్ పిల్లలందరికీ ప్రోగ్రామింగ్ నేర్పాలా అన్న మాట వస్తే, ‘సైన్స్ వాళ్లకైతే సరే, బీఏ వాళ్లకెందుకు?’ అనడం స్టాఫ్ రూముల్లో చాలాసార్లు విన్నాను. తెలుగు పాఠం చెప్పేవాడికి ఈ గొడవెందుకని మీరు అడగొచ్చు. చదువు ఎవరి సొత్తు అన్న పాత గొడవే ఇది. అందుకే ఈసారి అమెరికాలోని ఒక కాలేజీ చరిత్ర చెప్తాను.

1950ల చివర్లో కంప్యూటర్ గది గర్భగుడి లాంటిది. ప్రోగ్రామును కార్డుల మీద చిల్లులుగా కొట్టించి, ఆపరేటర్ చేతికిచ్చి, బయట ఎదురుచూడాలి. చిన్న తప్పుంటే మళ్లీ మొదటికే. న్యూ హాంప్‌షైర్‌లోని డార్ట్‌మత్ కాలేజీ లెక్కల మాస్టారు టామస్ కర్ట్జ్ అయితే కార్డుల పెట్టె పట్టుకుని, రైలెక్కి, బోస్టన్ దగ్గరున్న ఎంఐటీ దాకా వెళ్లేవాడు.

ఆయన సహచరుడు జాన్ కెమెనీ హంగరీ యూదుడు. 1940లో కుటుంబంతో అమెరికా చేరినవాడు. కాలేజీలో ఎక్కువమంది సైన్స్ చదవరు, రేపు నిర్ణయాలు తీసుకునేదేమో వాళ్లే, కంప్యూటర్ వాళ్లకూ తెలియాలి అన్నది ఈ ఇద్దరి వాదన.

అందుకు రెండు పనులు చేశారు. ఒకే యంత్రాన్ని ఒకేసారి చాలామంది వాడుకునే టైమ్ షేరింగ్ పద్ధతి తెచ్చారు. మామూలు మాటలతో రాయగలిగే ‘బేసిక్’ అనే భాషను తయారుచేశారు. వ్యవస్థలో చాలా భాగం రాసింది డిగ్రీ విద్యార్థులే. 1964 మే 1 తెల్లవారుజామున తొలి బేసిక్ ప్రోగ్రాములు నడిచాయి.

మొదటి ఏడాది లెక్కల కోర్సులోనే దీన్ని కలిపేశారు. కొద్దిపాటి లెక్చర్లు, ఆపైన టెర్మినల్ ముందు పిల్లల సొంత సాధన. లైబ్రరీలో అలమారా దగ్గరికి వెళ్లి పుస్తకం తీసుకున్నట్టే కంప్యూటర్ దగ్గరికి ఎవరైనా వెళ్లొచ్చు అన్నాడు కెమెనీ. ఎందుకొచ్చావని అడిగేవాళ్లు లేరు, ఫీజు లేదు.

గొప్ప పనే. అయితే ఆ ‘ఎవరైనా’లో ఎవరున్నారు? 1964లో అది మగపిల్లల కాలేజీ. 1769 నాటి దాని చార్టర్ అమెరికా ఆదివాసీ యువకుల చదువు కోసమని చెప్పుకుంది. మోహెగన్ తెగకు చెందిన శాంసన్ ఆకమ్ బ్రిటన్‌లో ఊరూరా తిరిగి ప్రసంగాలు చేసి విరాళాలు తెచ్చాడు. కానీ తర్వాతి 200 ఏళ్లలో అక్కడ పట్టా పుచ్చుకున్న ఆదివాసీలు ఇరవై మంది కూడా లేరు. ల్యాబ్ తలుపు తెరిచే ఉంది, కాలేజీ గేటే మూసి ఉంది.

కెమెనీ దీన్నీ చూడగలిగాడు. 1970లో ఆ కాలేజీ అధ్యక్షుడయ్యాక ఆదివాసీ విద్యార్థులను చేర్చుకుంటామని మాటిచ్చాడు. 1972 నుంచి ఆడపిల్లలూ చేరారు.

మనకిది కొత్త పాఠం కాదు. బహిరంగ చెరువులు అందరివని 1923లోనే బొంబాయి శాసన మండలి తీర్మానించింది. మహాడ్ మునిసిపాలిటీ కూడా చౌదార్ చెరువు తెరిచామంది. అయినా మనవాళ్లు ఆ నీళ్లు ముట్టాలంటే 1927 మార్చి 20న బాబాసాహెబ్ నడిచి వెళ్లాల్సి వచ్చింది. కాగితం మీద హక్కు వేరు, దోసిట్లో నీళ్లు వేరు.

ఇవాళ పైథాన్ ఉచితం. కానీ ఇంట్లో లాప్‌టాప్ లేని పిల్లకు కాలేజీ ల్యాబే దిక్కు. అది సాయంత్రం నాలుగింటికి తాళం పడితే ఆ ‘ఉచితం’ ఎవరికి? తెరమీద ఎర్రగా కనబడే ఇంగ్లీషు తప్పు సందేశం చూసి, ‘నాకు రాదు’ అనుకుని లేచిపోయే తెలుగు మీడియం పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, అది తిట్టు కాదురా, ఎక్కడ తప్పిందో చెప్తోంది అని వివరించేదెవరు?

విద్యార్థి మిత్రులారా, మీ కాలేజీలో ల్యాబ్ తాళం ఎవరి దగ్గర ఉంటుందో, ఎన్ని గంటలకు పడుతుందో ఈ వారం కనుక్కోండి. సాయంత్రాలూ తెరిచి ఉంచమని అర్జీ రాయండి. బీఏ వాళ్ల సంతకాలు ముందు పెట్టించండి.

జై భీమ్.