సాక్షి దిబ్బ

కామారెడ్డిలో గానీ ఎల్లారెడ్డిలో గానీ అరవై దాటిన సుతారి మేస్త్రీ ఎవరినైనా అడగండి, ఒకే మాట చెబుతాడు: కొత్త ఇల్లయితే గుత్త, పాత ఇల్లయితే రోజు కూలి. కొత్తదానికి అడుగుకు ఇంత అని మాట్లాడుకుని బయానా తీసుకుంటాడు. పాత ఇంటి మరమ్మతు అనగానే చేతులు వెనక్కి తీసుకుంటాడు. "గోడ గీకితే గాని లోపల ఏమున్నదో తెల్వది సారూ. గుత్త నాకొద్దు, నీకొద్దు" అంటాడు.

ఆ మాట వినేవాళ్లు ఇప్పుడు తగ్గారు. 2025 ఆగస్టు చివర్లో కురిసిన వానకు కామారెడ్డి కాలనీలు మునిగాయి. నీళ్లు తీశాక నేల బండలు లేపి మళ్లీ పరిచే పని, చెమ్మ ఎక్కిన గోడలు గీకి కొత్తగా గిలాబు చేసే పని ఊరంతా మొదలైంది. అప్పుడు చూశాను: వచ్చిన కాంట్రాక్టరు గోడకు టేపు కూడా పెట్టడు, గదులు ఒకసారి తిరిగి మొత్తానికి ఒక అంకె చెబుతాడు, అందులో సగం ముందే పెట్టమంటాడు. ఇంటివాళ్లు పెడుతున్నారు కూడా.

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైన మనిషిని. పని ఎంతయిందో కొలిచి, ఆ కొలత పుస్తకానికి ఎక్కించడమే నా బతుకు. అందుకే మేస్త్రీల పాత నియమం ఎక్కడిదో నాకొక అంచనా ఉంది. అది ఇళ్ల దగ్గర పుట్టింది కాదు. కట్టల దగ్గర, కాలువల దగ్గర పుట్టి ఇళ్లలోకి వచ్చింది.

ఆ కట్టలు రాకముందు ఊళ్లో పనికి పైసల లెక్క తక్కువ. వడ్రంగి, కమ్మరి ఏడాది పొడుగునా రైతు నాగలి, గొర్రు, బండి బాగుచేసేవాళ్లు. పంట వచ్చాక కల్లం దగ్గర మేర కింద గింజలు కొలుచుకునేవాళ్లు. ఇల్లు కట్టడం ఆ మేరలోకి రాదు, దానికి వేరే మాట్లాడుకోవాలి. అయినా ఇల్లంటే మట్టి గోడలు, పైన కుమ్మరి చేసిన గూన పెంకు. చేసేవాడికి తిండి, కొన్ని గింజలు, కడప నిలిపిన రోజు వడ్రంగికి బట్టలు. వానలకు ముందు పెంకు సర్దుకోవడం ఏటా ఉండే పని కాబట్టి దానికెవరూ గుత్త మాట్లాడరు, ఎన్ని పొద్దులు పడితే అన్ని పొద్దుల కూలి. దొరల గడీల సంగతి వేరు. రాయి మోసినవాడికీ సున్నం నూరినవాడికీ అక్కడ వెట్టి. ముందు ఇచ్చేదీ లేదు, వెనక ఇచ్చేదీ లేదు. వెట్టి నడిచినచోట పని కొలవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

1916లో పోచారం ఆనకట్ట మొదలైంది, 1922లో ముగిసింది. మరుసటి ఏడే మంజీర మీద నిజాంసాగర్ మొదలై 1931 దాకా సాగింది. నిజాంసాగర్ వెనక ఉన్న ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఎల్లారెడ్డి మనిషికి రెండూ ఇంటి పక్క కట్టలే. వేల మంది ఒక్కచోట మట్టి తవ్వి రాయి పేర్చే పని అది. ఎవరి పొద్దు ఎంతో, ఎవరు ఎంత తవ్వారో రోజు లెక్కన చూసుకుంటూ కూర్చుంటే తేలదు. కాబట్టి కూలి కొలతకు దిగింది.

మట్టి కొలత పైకి సులువే. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, అడుగు లోతు గుంత తవ్వితే నూరు ఘనపుటడుగులు. చిక్కంతా లోతు దగ్గరే. చుట్టుపక్కల నేలంతా తవ్వేశాక అసలు నేల ఎంత ఎత్తున ఉండేదో ఎవరు చెబుతారు? అందుకని గుంత నడుమ ఒక దిబ్బను తవ్వకుండా వదిలేవాళ్లు. దాని నెత్తి మీద పాత గడ్డి అట్లాగే ఉండాలి. కొలిచేవాడు వచ్చి దిబ్బ ఎత్తు చూసి లోతు రాసుకుంటాడు, పైసలు దాని ప్రకారమే. కొలత అయ్యాకే దిబ్బను తీసేయాలి. కాలువ పనుల్లో నా కాలం దాకా ఇది నడిచింది. మోసమూ దానితోపాటే నడిచింది. చీకటి పడ్డాక దిబ్బ నెత్తిన జానెడు మట్టి వేసి, మీద గడ్డి గడ్డలు అతికించేవాళ్లు. మేం గడ్డి పట్టి లాగి చూసేవాళ్లం. వేళ్లతో ఊడిరాకపోతే పాతది, చేతికి వస్తే కొత్తది. మట్టి పని చేసే వడ్డెర పెద్దలు దొరికినప్పుడు నవ్వేవాళ్లే తప్ప కాదనేవాళ్లు కాదు. ఆ కూలికి జానెడు మట్టి పెంచుకున్నారంటే వాళ్లను తప్పుపట్టడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.

దిబ్బ మీది కొలత ఎం-బుక్కులోకి, అంటే కొలతల పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ పుస్తకానికి పేజీ నంబర్లు ముందే అచ్చై ఉంటాయి. పేజీ చింపకూడదు, రాసింది చెరపకూడదు. తప్పు పడితే అడ్డంగా గీత కొట్టి పక్కన సంతకం పెట్టాలి. మేం రాసిన కొలతను పై ఇంజనీరు మళ్లీ కొలిచి చూస్తాడు. అప్పుడు పార్ట్ బిల్లు, అంతా అయ్యాక ఫైనల్ బిల్లు. ప్రతి బిల్లులో కొంత పట్టుకుని, పని నిలిచిందని తేలాకే ఇస్తారు. పునాది గుంత పూడ్చకముందే దాని కొలత తీయాలన్నది అందరికంటే ముందు నేర్పే పాఠం, ఎందుకంటే పూడ్చాక అది కనబడదు.

ఇట్లా బిల్లులు తీసుకునే కట్ట, కాలువ కాంట్రాక్టర్ల కింద చేసిన మేస్త్రీలే సొంత ఊళ్లకు వచ్చి ఇళ్లు కట్టారు. పునాదికి కొంత, లింటల్‌కు కొంత, స్లాబ్‌కు కొంత అన్న వాయిదాలు వాళ్లతోనే వచ్చాయని నా నమ్మకం. ఇంటి యజమానికి ఎం-బుక్కు అక్కర్లేదు. లింటల్ పడిందా లేదా అన్నది రోడ్డు మీద నుంచే కనబడుతుంది. చదువు రాని ముసలమ్మ కూడా తన గోడ ఎంతవరకు లేచిందో చూసి మేస్త్రీకి పైసలు లెక్కపెట్టగలదు.

ఆ ముసలమ్మలు, కోడళ్లు నిజంగానే లెక్కపెట్టారు. మా తాలూకాల మగవాళ్లు దుబాయ్, మస్కట్, సౌదీ పట్టిన తర్వాత ఇక్కడి ఇళ్లు డ్రాఫ్టుల మీద లేచాయి. డ్రాఫ్టు వస్తే పని, రాకపోతే గోడ ఎక్కడిదక్కడే. లింటల్ దగ్గర ఆగి రెండు వానలకు తడిసిన గోడలు ప్రతి ఊళ్లో ఉండేవి. స్లాబ్ ఒక్కటే ఆగకూడని పని, ఒక్క పొద్దులో పోయాల్సిందే. అందుకే సెంట్రింగ్ బిగించే ముందు మేస్త్రీ ఇంటామెను "పైసలు మొత్తం చేతిల ఉన్నయా అక్కా?" అని అడిగేవాడు. లేవంటే చెక్కలు బండి దింపేవాడు కాదు. స్లాబ్ రోజు యాటను కోసి కూలీలకు అన్నం పెట్టే ఖర్చు కూడా ఆ మొత్తంలోదే. భర్త అక్కడ, మేస్త్రీ ఇక్కడ, నడుమ బీడీలు చుడుతూ నోటుబుక్కులో సిమెంటు బస్తాలు రాసుకున్న ఆడవాళ్లు ఉన్నారు. మా శాఖలో ఎం-బుక్కులు రాసినవాళ్లలో అంత శుభ్రంగా రాసినవాళ్లు కొద్దిమందే.

2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం అదే పద్ధతిని ప్రభుత్వ కాగితం మీదికి తెచ్చింది. ఐదు లక్షలు నాలుగు విడతలు: బేస్‌మెంట్ అయ్యాక లక్ష, గోడలు పైకప్పు ఎత్తుకు వచ్చాక లక్షా పాతిక వేలు, స్లాబ్ పడ్డాక లక్షా డెబ్బై ఐదు వేలు, ఇల్లు పూర్తయ్యాక లక్ష. దిబ్బకు బదులు ఇప్పుడు ఫోన్లో ఫొటో, అది ఏ స్థలంలో తీసిందో కూడా నమోదవుతుంది. ప్రభుత్వం పని చూసే ఇస్తుంది సరే, బేస్‌మెంట్ లేచేదాకా మేస్త్రీకి ఇచ్చేది ఎవరు? ఆ మొదటి అడుగుకు అప్పు చేసినవాళ్లను ఎల్లారెడ్డి చుట్టూ చాలామందిని ఎరుగుదును.

మరమ్మతుకు వచ్చేసరికి ఈ చరిత్రంతా చేతికి అందదు. పాత ఇంటికి పునాది ఉంది, లింటల్ ఉంది, స్లాబ్ ఉంది. ఏది అయ్యాక ఏమివ్వాలి? పైగా చెడిందేదో ముందు పీకి పారేస్తారు. పాత గిలాబు ఎంత మందం ఉండేదో, ఎన్ని బండలు సాబూతుగా లేచాయో చెప్పే సాక్ష్యం ట్రాక్టర్ ఎక్కి పోతుంది. దిబ్బను ముందే తవ్వేసిన గుంత అది. జిల్లాలో పాత కట్టడం బాగుచేయడమంటే అందరూ దోమకొండ గడినే చూపిస్తారు. 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో దానికి అవార్డ్ ఆఫ్ మెరిట్ వచ్చింది. ఆ మరమ్మతుకు ఏళ్లు పట్టాయి. పాత సున్నం గోడ విప్పితే గాని తన సంగతి చెప్పదు. అటువంటి పనికి గేటు దగ్గర నిలబడి అంకె చెప్పేవాడిని నేను నమ్మను.

ఎల్లారెడ్డిలో మా నాయన కట్టిన ఇంటికి నేను చేయించిన తీరు ఇది. పీకుడు పని వేరే, దానికి రోజు కూలి, అంగడి రోజు అంగడి రోజుకు లెక్క. పీకే ముందు ప్రతి గోడకూ ఫొటో, పొడవు వెడల్పులు సున్నంతో గోడ మీదే రాత. మొత్తం పీకాక మేస్త్రీ, నేను కలిసి మళ్లీ కొలిచి, అప్పుడు గిలాబుకు అడుగుకు ఇంత, నేలకు చదరానికి ఇంత అని గుత్త కుదుర్చుకున్నాం. సిమెంటు, ఇసుక నేనే తెచ్చాను. బయానా నిలబడి పనిచేసే గోవా కర్రల కిరాయికి, కూలీల మొదటి వారానికి సరిపోయేంతే. నడుమ కొత్త పని బయటపడితే దాని రేటు ఆ పొద్దే పుస్తకంలో రాసి ఇద్దరం సంతకం. డాబా మీది పని పైసల్లో కొంత ఒక వాన చూసేదాకా నా దగ్గరే.

ఆ చివరిదానికి మేస్త్రీ ఒప్పుకోవడానికి చాలా మాట్లాడాల్సి వచ్చింది. "వాన వస్తది సారూ, పైసలే రావు" అన్నాడు. వాన పడి, చుక్క కారకపోయినా, ఇంకో వాన చూద్దామని ఏడాది తిప్పినవాళ్లను ఆయన పేర్లతో సహా చెప్పగలడు. మా శాఖ కాంట్రాక్టరుకు కనీసం కాగితం ఉంటుంది, ఊరి మేస్త్రీకి అదీ ఉండదు. అందుకే వీళ్లు డాబా మెట్లను ఎప్పుడూ ఆఖరుకు పెట్టుకుంటారు. మిగతా అంతా అవుతుంది, మెట్ల దగ్గర నాలుగు వరసలు ఇటుక పెట్టి ఆపుతారు. బాకీ ముట్టాకే మిగిలిన మెట్లు లేస్తాయి. మా ఇంటి మెట్లు పాతవే, చెక్కుచెదరలేదు, కాబట్టి ఆయన చేతిలో ఆ పట్టు లేదు. చివరికి బేరం ఇట్లా తెగింది: పట్టుకున్న పైసలు నా దగ్గర కాకుండా ఇద్దరికీ తెలిసిన సిమెంటు దుకాణం సేటు దగ్గర ఉంటాయి, వాన వెలిసిన మూడో రోజు డాబా కింద తడి లేకపోతే నన్ను అడగకుండానే సేటు ఇచ్చేస్తాడు.