ఖమ్మం దాటాక కథ మారుతుంది

ఖమ్మం దాటారు. కారు వెనక సీట్లో డైరెక్టరుకీ ప్రొడ్యూసరుకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నావు నువ్వు. మే నెల. ఏసీ వేసినా చొక్కా వీపుకు అంటుకుపోతోంది. ఒళ్లో నీ స్క్రిప్టు. లొకేషన్లు చూడ్డానికి చర్ల దాకా వెళ్లాలి.

తునికాకు కోసే కోయ ఆడమనిషి కథ అది. 50 ఆకులు ఒక కట్ట. ఆవిడ కల్లంలో ఎన్ని కట్టలు వేసినా లెక్కలో కొన్ని తగ్గుతుంటాయి. రాత్రిబడికి వెళ్లి అంకెలు నేర్చుకుంటుంది. ఆఖర్న ఆకు లారీకి అడ్డం నిలబడి, కట్టలన్నీ దింపించి, ఊరందరి ముందూ తనే లెక్కపెడుతుంది.

కొత్తగూడెంలో మొదటి ఫోను. ఫైనాన్షియర్. "కథ బాగుంది. ఇంటర్వెల్ చప్పగా ఉంది. కల్లం తగలబెట్టిద్దాం."

ప్రొడ్యూసరు నీ ముఖం చూస్తాడు. మంట తెర మీద బాగానే ఉంటుంది కదా అనుకుంటావు. తలూపుతావు.

పాల్వంచలో టీ తాగుతుంటే రెండోది. రాత్రిబడి మాస్టరు వేషం ఒక పెద్ద హీరోకి నచ్చిందట. అందరి ముఖాలూ వెలిగిపోతాయి, నీది కూడా. ఆయన డేట్లిస్తే నైజాం, సీడెడ్ హక్కులు ముందే అమ్ముడుపోతాయి. సినిమా నిజంగానే మొదలవుతుంది.

"మరి లారీ ఆపేది హీరోనే అవ్వాలి కదా," అంటాడు డైరెక్టరు, గ్లాసు కింద పెడుతూ.

నీకు ఇల్లందు గుర్తొస్తుంది. అక్కడి బొగ్గు గనుల్లో 2021లో 'ఆచార్య' షూటింగ్ జరిగింది. అంతకు ఏడాది ముందే, మొదట చెప్పినదానికీ తర్వాతి పరిస్థితికీ తేడా ఉందంటూ త్రిష ఆ సినిమా నుంచి తప్పుకున్నారు. ఆ స్థానంలోకి వచ్చిన కాజల్ మీద కొంత చిత్రీకరణ కూడా అయ్యాక, నక్సలైట్ నాయకుడి కథలో ఆ పాత్ర ఇమడదని దర్శకుడు కొరటాల శివ తీసేశారు. తీసెయ్యడం సరైనదే కావచ్చు. కానీ అది కాగితం మీదే తేలాల్సిన సంగతి. చిరంజీవి, రామ్ చరణ్ కలిసి నటించినా, 2022 ఏప్రిల్ 29న విడుదలైన ఆ సినిమా ఆడలేదు.

సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కుతారు. అవతల భద్రాచలం. మంచి కథ ఇలా ఎందుకు చెడుతోంది? ఈ కారులోనూ, ఫోనుకు అవతలా చెడ్డవాళ్లు లేరు. ఫైనాన్షియర్‌ది వడ్డీ భయం. హీరోది మార్కెట్ భయం. ఎవరి భయం ఎక్కడుంటే అక్కడే కథను సరిచేస్తున్నారు. హాలీవుడ్ స్టూడియోల్లో మార్పులు కాగితం మీద వస్తాయి. మన దగ్గర చాలావరకు నోటిమాటే. కథ చదివేవాళ్ల కన్నా వినేవాళ్లు ఎక్కువ. విన్నవాళ్లకు సీన్లు గుర్తుంటాయి, ఒక సీను ఇంకో సీనును ఎలా పుట్టించిందో గుర్తుండదు. ఎవరు ఏ ముక్క మార్చినా, ఆ తర్వాత మొత్తం కథను మళ్లీ మొదట్నుంచి వినే మనిషి లేడు. నేను చూసినంతలో స్క్రిప్టులను చంపేది ఇదే.

దుమ్ముగూడెం. రోడ్డుకు రెండువైపులా అడవి. పేజీలు తిరగేస్తావు. కల్లం కాలిపోతే లారీలో ఆకెక్కడిది? లారీ హీరో ఆపితే ఆవిడ అంకెలెందుకు నేర్చుకుంది?

ఫోను మోగుతుంది.

"ఫస్టాఫ్ లాగ్ అవుతోంది. రాత్రిబడి సీన్లు లేపేద్దాం."

గొంతు తడారిపోతుంది.

"ఆవిడకో పాట ఇద్దాంలే."

పాట. అంతే. ఇక ఆవిడ లేదు.

చర్ల దగ్గర కారు ఆగుతుంది. దిగుతారు. కల్లం. ఎండలో వరసలుగా ఆకు కట్టలు. వాటి మధ్య వంగి నడుస్తున్న ఆడవాళ్లు. ఎండిన ఆకు వాసన ముక్కుకు తగులుతుంది.

"ఏమంటావయ్యా?" ప్రొడ్యూసరు. చేతిలో ఫోను. అవతల హీరో మేనేజర్ లైన్లో ఉన్నాడు.

ఊఁ అంటే అడ్వాన్సు. కాదంటే ఇంకో రైటరు.

చేతులు వణుకుతున్నాయి. స్క్రిప్టు తెరుస్తావు.

"సార్, స్పీకర్‌లో పెట్టండి. మార్పులన్నీ కలిపి ఒకటో సీను నుంచి చదువుతాను. అందరూ ఒక్కసారి మొత్తం వినండి. ఆ తర్వాత మీ ఇష్టం."

ఆయన వాచీ చూసుకుంటాడు. డైరెక్టరు నీవైపు ఒక అడుగు వేస్తాడు. స్పీకర్ నొక్కిన చప్పుడు.

చదవడం మొదలుపెడతావు.