అడ్డపొగయు, కణముల చావును



మా మామ్మ కళింగపట్నము చేరువ పల్లెలో నుండెడిది. ఆమె చుట్టకు పొయ్యిలోని నిప్పుకణిక తెచ్చుట బాల్యమున నా పని. చుట్ట వెలిగిన పిమ్మట ఆమె నిప్పుకొనను నోటిలోపల నుంచి పొగ పీల్చెడిది. దీనినే మన ప్రాంతమున అడ్డపొగ యందురు. గాలికి నిప్పాఱదు, చంకలోని బిడ్డపై బూడిద రాలదు. కావున స్త్రీలలో నీ యలవాటు ప్రబలెను. కడకామె అంగిలిపై రాచపుండు లేచి కాలధర్మము నొందినది.

అంగిలికి క్యాన్సరు పుట్టుట లోకమున నరుదు; మన తీరమున నరుదు గాదు. 1937లోనే కిణి, సుబ్బారావు అను వైద్యులు దీనిని గూర్చి వ్రాసిరి. డెన్మార్కు దేశీయుడగు పిండ్‌బోర్గు, మన దేశపు పరిశోధకులతో గూడి 10,169 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి, ఆ వృత్తాంతమును 1971లో ప్రకటించెను.

పొగయు వేడిమియు రాచపుండుగా నెట్లు పరిణమించును? ప్రతి కణమునందును దాని చావునకు వలయు సామగ్రి ముందే యమరియున్నది. 1972లో కెర్, విల్లీ, కర్రీ అను మువ్వురు ఈ చావునకు ఎపాప్టోసిస్ అని పేరిడిరి. ఆకు రాలుటను దెలుపు గ్రీకుమాట యది. పి-53 అను ప్రోటీను చెడిన కణమును గుర్తించి చావునకు బంపును. కాస్పేసులను ప్రోటీనులు దానిని లోపలినుండి ఖండించును. ఇరుగుపొరుగు కణములు ఆ ముక్కలను సద్దులేక మ్రింగును. పొగాకు విషములు పి-53ను నిర్మించు జన్యువును చెఱచినచో, చావవలసిన కణము చావక పిల్లలు పెట్టును.

వేఱొక చావు గలదు. కాలిన కణము కుండవలె పగిలి లోపలి సరకు వెలిగ్రక్కును, రక్షకకణములు మూగును, ఆ చోటు ఎఱ్ఱనై వాచును. ఇదియే శోథము. శోథమునకును క్యాన్సరునకును చుట్టఱికము గలదని 1863లోనే జర్మను వైద్యుడు విర్కో తలచెను. (చుట్టకు నీ చుట్టఱికమున పాలుండుట మన దౌర్భాగ్యము.) నిత్యము కాలి మానుచుండు అంగిలిలో కణములు తొందరపడి విభజించుకొనుచుండును, తొందరలో తప్పులు పెరుగును.

ఈ చావులు వేర్వేరు దారులు కావనియు, ఒకదానితో నొకటి పెనవైచుకొన్నవనియు నమెరికాలోని మెంఫిసు నగరమున బరిశోధించు మన తెలుగు విదుషి తిరుమలదేవి కన్నెగంటిగారు చూపిరి. 2019లో వారి బృందము పెట్టిన పేరు పానాప్టోసిస్. అది అదుపు దప్పిన శరీరమునకే హాని. క్యాన్సరు కణములపై మరలింపగల్గిన మందగును.

శ్రీకాకుళము పల్లెలలో తరువాత బోధకులు తిరిగి చెప్పగా అలవాటు మానినవారి అంగిలిమచ్చలు తగ్గినవి. నేను నిప్పుకణిక మోసిన దినములలో అట్టివారెవరును మా వీథికి రాలేదు.