మైలవరం మెట్టసీమలో పాత తుపాకి: అసలుకీ నకిలీకీ తేడా

పూర్వపు కృష్ణా జిల్లా మెట్టసీమలో పాత తుపాకుల కథ కొండపల్లి కోటతో ముడిపడి ఉంది. మైలవరానికి దక్షిణాన ఉన్న ఈ కోటను 1766లో జనరల్ కైలాడ్ నడిపిన ఈస్టిండియా కంపెనీ సేన పట్టుకుంది. ఆ తర్వాత చాలాకాలం అక్కడ కంపెనీ దండు ఉంది. చుట్టూ మైలవరం జమీందారులు, జగ్గయ్యపేటకు తండ్రి పేరు పెట్టిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు వంటివారు సొంత సిబ్బందిని పోషించారు. అందుకే ఇక్కడ పాత తుపాకి కంటపడితే అది నాటు వత్తి తుపాకియా, కంపెనీ చెకుముకి తుపాకియా అన్నది ముందు తేల్చుకోవాలి.

కంపెనీ తుపాకిని గుర్తుపట్టడం కొంత తేలిక. పద్దెనిమిదో శతాబ్దం చివర స్థిరపడిన నమూనాలో గొట్టం 39 అంగుళాలు, రంధ్రం ముప్పాతిక అంగుళం. చెకుముకి రాయిని పట్టే గుర్రం బిగించిన ఇనుప పలక మీద హృదయాకారపు కంపెనీ ముద్ర ఉంటుంది. సుమారు 1808 నుంచి దాని స్థానంలో సింహం వచ్చింది. నకిలీలో అక్షరాలు అలుక్కుపోయో, తిరగబడో ఉంటాయి, లేదా ముద్ర చెప్పే కాలానికీ పనితీరుకీ పొంతన కుదరదు. అయితే చెకుముకి తీసేసి రాగి టోపీతో పేలేలా మార్చినవన్నీ నకిలీలు కావు. 1840ల తర్వాత ఆ మార్పు విరివిగా జరిగింది.

నాటు తుపాకికి ముద్రలు అరుదు, కాబట్టి గొట్టమే సాక్ష్యం. ఇనుప పట్టీలను మెలితిప్పి కాల్చి అతికిన గొట్టంలో అలల చార లోహం లోపలిదాకా ఉంటుంది. ఆమ్లంతో గీసిన చార పైపైనే ఉంటుంది. కర్ర విప్పి, అది కప్పి ఉంచిన భాగం చూస్తే బయటపడుతుంది. నిజంగా వాడిన తుపాకికి నిప్పురంధ్రం చుట్టూ ఇనుము గుంటలు పడి తినేసి ఉంటుంది. పనిగట్టుకుని పట్టించిన తుప్పు మాత్రం అన్నిచోట్లా ఒకే రంగులో కనిపిస్తుంది. పరీక్షకు ముందు లోపల పాత మందు లేదని తేల్చుకోవడం ప్రాణాలకు సంబంధించిన విషయం: కర్ర పుల్ల దింపి, అది దిగిన లోతును బయట గొట్టం పొడవుతో పోల్చాలి.

ధర నిలిచేది అసలు భాగాల మీద, చేతులు మారిన చరిత్ర మీద. 1878 ఆయుధాల చట్టం నాటి లైసెన్సు కాగితమో, 1948 జమీందారీ రద్దు చట్టానికి ముందరి సామాను జాబితాయో దొరికితే విలువ బాగా పెరుగుతుంది. తుప్పు గీకి తళతళలాడించిన తుపాకి మాత్రం సగం చరిత్ర పోగొట్టుకున్నట్టే.

కొనే ముందు చట్టం కూడా చూడాలి. 1959 ఆయుధాల చట్టం పురాతన తుపాకిని మినహాయించేది మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉంటేనే. పేలగలిగినదైతే లైసెన్సు నిబంధనలు ముందే కనుక్కోవాలి. నూరేళ్లు దాటిన పురావస్తువును 1972 పురావస్తువుల చట్టం ప్రకారం ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు.