పరీక్షింపని తీపిమందు

1937వ సంవత్సరపు శరదృతువునందు అమెరికాలోని టెన్నెస్సీ రాష్ట్రమున బ్రిస్టల్ పట్టణమునుండి వెడలిన యొక మందు, గొంతునొప్పిని మాన్పుటకై పుట్టినదయ్యును, పదునైదు రాష్ట్రములలో నూఱుమందికి పైగా ప్రాణములను హరించెను, వారిలో పసివారనేకులు. అందలి ప్రధానౌషధమైన సల్ఫనిలమైడు నిర్దోషి. స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవుల వలన గలుగు రోగములను అది మాత్రల రూపమున అప్పటికే అద్భుతముగ మాన్పుచుండెను. మాత్ర మ్రింగలేనివారికి పానకమువలె త్రాగుమందు కావలెనని వర్తకులు కోరగా, నీటియందు చక్కగ కరగని యా పొడిని మాసెంగిల్ కంపెనీ ప్రధాన రసాయనికుడు హారొల్డ్ వాట్కిన్స్ డైఇథిలీన్ గ్లైకాల్ అను తీయని పారిశ్రామిక ద్రావకమున కరగించి, రాస్ప్‌బెర్రీ పరిమళము గూర్చి, రంగును, రుచిని, వాసనను మాత్రము పరీక్షించి తృప్తుడయ్యెను. త్రాగిన ప్రాణి దేహమున నది యేమి సేయునో చూచుటకు ఒక్క ఎలుకకైనను పోయలేదు. చూడుమని అప్పుడు అమలులోనున్న 1906 నాటి ఔషధచట్టము అడుగనూ లేదు.

అక్టోబరునందు ఓక్లహోమాలోని టల్సా వైద్యులకు ఆ మందుపై సందేహము గలిగెను. చికాగో విశ్వవిద్యాలయమున గైలింగ్ ఆచార్యుని ప్రయోగశాలలో, కెనడానుండి వచ్చి పరిశోధన సాగించుచుండిన ఫ్రాన్సెస్ ఓల్డ్‌హామ్ అను యువతి, అందు విషమేదో తేల్చు పనిలో పాలుపంచుకొనెను. ఎలుకలకు, కుందేళ్లకు, కుక్కలకు కొన్నింటికి ఆ మందును, కొన్నింటికి ఉత్త ద్రావకమును, కొన్నింటికి ఉత్త సల్ఫనిలమైడును ఇచ్చి చూచిరి. ద్రావకము త్రాగినవాటికి మూత్రము నిలిచిపోయెను. మూత్రపిండములు చెడి అవి మరణించెను. ఆస్పత్రులలో పసివారు పడిన యాతనయే బోనులలో మరల కానవచ్చినది. ఆ మూగజీవుల వేదన నిజముగ వేదనయే. దానిని తక్కువచేసి చెప్పుట నాకు సమ్మతము గాదు. అయినను ఆ వేదన చెప్పిన సంగతిని సీసాలు అంగళ్లకు చేరకమునుపే అడిగియుండిన, అంతమంది తల్లులకు గర్భశోకము తప్పియుండును. నన్ను నేటికిని కలచివేయునది యిదియే.

ప్రభుత్వోద్యోగులు ఊరూర, ఇంటింట వెదకి, తయారైన 240 గ్యాలన్లలో 234 గ్యాలన్లకు పైగా తిరిగి పట్టుకొనిరి. ప్రాణములు దీసినది ఆ మిగిలిన కొద్దిపాటియే. కంపెనీపై మోపగలిగిన నేరమో, ఆల్కహాలు లేని మందును ఎలిక్సిర్ అని తప్పుపేరుతో అమ్ముట యొక్కటియే! వాట్కిన్స్ ఆత్మహత్య చేసికొనెను. 1938 జూనున వచ్చిన కొత్త చట్టము, మందు నిరపాయకరమని అంగడికి రాకమునుపే నిరూపింపవలెనని శాసించెను.

ఆ ఓల్డ్‌హామే, వివాహానంతరము ఫ్రాన్సెస్ కెల్సీయై, ఔషధములను పరిశీలించు అమెరికా ప్రభుత్వశాఖలో 1960లో చేరి, థాలిడొమైడు అను నిద్రమందుకు అనుమతి నీయక నిలువరించెను. ఐరోపాలో వేలాది శిశువులను వికలాంగులనుగ జేసిన యా మందును ఎంత అధికముగ నిచ్చినను ఎలుకలు చావలేదు. గర్భమునకు గలుగు హానియు ఎలుకలలో స్పష్టముగ కానరాలేదు. అది తెల్ల కుందేళ్లలో తేటపడినది 1962లో, అనర్థము జరిగిన పిమ్మట. కావున, ఏ జంతువును, ఏ స్థితిలో, ఏమని అడిగితిమన్నదానిపై సమాధానపు విలువ యాధారపడియుండును. మానవ కణజాలముపై జరుపు పరీక్షలు మెఱుగైన సాక్ష్యము నీయగల చోట జంతువును బాధించుట అన్యాయమని నా దృఢాభిప్రాయము. అమెరికా 2022 డిసెంబరున శాసనమును సవరించి, కొత్త మందులకు జంతుపరీక్ష తప్పనిసరియను నిబంధనను తొలగించి, అట్టి సాక్ష్యమునకును చోటు కల్పించెను.