వరంగల్ ప్రాంత స్థానిక చరిత్ర, వంశచరిత్రల పరిశోధన

ఒక ఊరు ఎలా ఏర్పడినది, అందులో ఎవరెవరు నివసించారు, ఒక కుటుంబం ఎన్ని తరాలుగా ఏయే గ్రామాలలో ఉన్నది అనే విషయాలను ఆధారాలతో నిర్ధారించుటయే స్థానిక చరిత్ర, వంశచరిత్రల పరిశోధన. కాకతీయుల రాజధాని ఓరుగల్లు కారణంగా వరంగల్ ప్రాంతంలో శాసనాలకు కొదువ లేదు. అయితే శాసనాలలో కనిపించేవారు చాలావరకు రాజులు, సేనానులు, దాతలు. సాధారణ కుటుంబాల చరిత్రకు రెవెన్యూ రికార్డులు, కులపురాణాలు చెప్పే కళాకారుల నోటిమాట, ఇంటిలోని పాత కాగితాలు ముఖ్యమైన ఆధారాలు. ఈ మూడూ శాసనాల కంటే త్వరగా నశించేవి.

జిల్లా సరిహద్దులలో మార్పులు

పరిశోధకుడు మొదట తెలుసుకోవలసినది తన గ్రామం ఏ కాలంలో ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉండేదన్న విషయం. నిజాం పాలనలో వరంగల్ ఒక జిల్లాకే కాక, అనేక జిల్లాలు గల సుబాకు కూడా కేంద్రం. ఖమ్మం జిల్లా 1953లో వరంగల్ జిల్లా నుండి వేరుపడినది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో జనగామ తాలూకా నల్గొండ జిల్లాలో ఉండేది. కనుక జనగామ ప్రాంతపు ఆనాటి కాగితాలను నల్గొండ జిల్లా పేరు క్రింద వెతకవలెను. 2016లో ఉమ్మడి వరంగల్ జిల్లా ప్రధానంగా వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలుగా విడిపోయినది. చేర్యాల ప్రాంతం సిద్దిపేట జిల్లాలో కలిసినది. 2019లో ములుగు జిల్లా ఏర్పడినది. 2021లో అర్బన్ జిల్లాకు హనుమకొండ అని, రూరల్ జిల్లాకు వరంగల్ అని పేర్లు మార్చారు.

శాసనాలు

హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని రుద్రదేవుని శాసనం 1163 నాటిది. పాలంపేటలోని రామప్ప దేవాలయాన్ని 1213లో నిర్మించిన రేచర్ల రుద్రుడు అచటి శాసనంలో తన వంశక్రమాన్ని కూడా చెక్కించాడు. నేటి మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువును గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించినది. అచటి శాసనం కాకతీయుల పూర్వీకుల పేర్లను వరుసగా తెలుపుతుంది. నందిగామ ప్రాంతపు మాగల్లులో దొరికిన 10వ శతాబ్దపు తూర్పు చాళుక్యుల శాసనంలోను గుండ, ఎఱ్ఱ అనే పేర్లు కలవు. ఈ రెంటినీ పోల్చి చూచుట వలననే కాకతీయుల తొలి తరాల వంశవృక్షం కొంతవరకు తేలినది. రాజవంశమైనా, సామాన్య కుటుంబమైనా పద్ధతి ఇదే: ఒక ఆధారం చెప్పిన పేరును దానితో సంబంధం లేని మరొక ఆధారంతో సరిచూడవలెను.

జిల్లా చరిత్రకు పనికివచ్చే ఆధారం జిల్లా బయట కూడా ఉండవచ్చును. రుద్రమదేవి మరణకాలాన్ని తెలిపే 1289 నాటి శాసనం నల్గొండ జిల్లా చందుపట్లలో దొరికినది. దానిని వేయించినవాడు రాజు కాదు, పువ్వుల ముమ్మడి అనే భటుడు.

శాసనాల సేకరణకు కొమర్రాజు లక్ష్మణరావు పేరిట హైదరాబాదులో ఏర్పడిన లక్ష్మణరాయ పరిశోధక మండలి ఎంతో కృషి చేసినది. మండలి "తెలంగాణా శాసనములు" అనే సంపుటాన్ని 1935లో ప్రచురించినది. నేలటూరి వెంకటరమణయ్య సంపాదకత్వంలో వరంగల్ జిల్లా శాసనాల సంపుటం 1974లో వెలువడినది. పి.వి. పరబ్రహ్మశాస్త్రి రచించిన కాకతీయుల చరిత్ర 1978లో ప్రచురితమైనది.

రెవెన్యూ రికార్డులు

నిజాం రాజ్యంలో 1884 వరకు పారశీకం, ఆ పిమ్మట ఉర్దూ ప్రధాన అధికార భాషలు. అందువలన తాతముత్తాతలు తెలుగువారైనా వారి భూమి కాగితాలు ఉర్దూలో ఉండుట సహజం. వీటిలో చాలావరకు శికస్తా అనే గొలుసుకట్టు వ్రాతలో ఉంటాయి. ఈ వ్రాత చదవగలవారు నానాటికి తగ్గిపోవుచున్నారు.

ఈ రికార్డులలో ముఖ్యమైనవి:
* సేత్వార్ - భూమి సర్వే, బందోబస్తు జరిగినపుడు తయారైన మూల రికార్డు. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు ఇందులో ఉంటాయి.
* రక్షిత కౌలుదార్ల రిజిస్టరు - 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం క్రింద తయారైనది. సేత్వార్‌లో కనిపించని సాగుదార్ల పేర్లు ఇందులో దొరుకుతాయి.
* ఖాస్రా పహాణీ - 1954-55లో తయారైనది. పట్టాదారునితో పాటు భూమి ఎవరి స్వాధీనంలో ఉన్నదో తెలుపుతుంది.
* ఇనాం కాగితాలు - నీరడి, సేత్‌సింధి వంటి గ్రామసేవకులకు ఇచ్చిన భూముల వివరాలు. పట్టా లేని పేద కుటుంబాల చరిత్రకు ఇవి విలువైనవి.

ఈ కాగితాలలో ఫసలీ సంవత్సరం వాడబడినది. ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన క్రీస్తు శకం వస్తుంది. ఉదాహరణకు ఫసలీ 1317 అనగా 1907-08. ఫసలీ 1364 అనగా 1954-55.

గ్రామ రికార్డులు తరతరాలుగా పట్వారీల ఇండ్లలో ఉండేవి. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయినది. తహసీలు, కలెక్టరు కార్యాలయాలలో కావలసిన రికార్డు దొరకని పక్షంలో పాత పట్వారీ కుటుంబాల వారిని కూడా విచారించుట మంచిది. రాజ్యస్థాయి దస్తావేజులు హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాల కార్యాలయంలో (స్టేట్ ఆర్కైవ్స్) కలవు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చినది కనుక అంతకు ముందు కాలానికి, ముఖ్యంగా పల్లెలలో, ఆ రిజిస్టర్లపై ఎక్కువగా ఆధారపడలేము.

మౌఖిక వంశావళులు

తెలంగాణలో అనేక కులాలకు వారి పుట్టుపూర్వోత్తరాలు చెప్పే ఆశ్రిత కళాకారులు ఉన్నారు. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, చాకలివారికి పటంవారు, కాపులకు పిచ్చుకగుంట్లవారు ఇటువంటివారు. కొందరు చేర్యాల నకాషీ చిత్రకారులు వేసిన పటాలను చూపుతూ కథ చెబుతారు. కోయల వంశగాథలను డోలీ కళాకారులు పడిగె అనే బొమ్మల గుడ్డ సాయంతో గానం చేస్తారు.

కులపురాణపు ఆరంభ భాగం పౌరాణికం. దానిని చరిత్రగా స్వీకరించరాదు. కాని గోత్రాలు, ఇంటిపేర్లు, వలస వచ్చిన ఊళ్ళ పేర్లు పరిశోధనకు పనికివస్తాయి. కథ చెప్పేవారికి మిరాశీ గ్రామాలు ఉండేవి. వారు ఏయే ఊళ్ళకు వెళ్ళేవారో నమోదు చేసినా ఒక కులం విస్తరించిన తీరు తెలుస్తుంది. యువతరం ఇతర వృత్తులకు మరలుతున్నందున పెద్దల కథనాన్ని వెంటనే రికార్డు చేయుట అవసరం.

ఇంటిలోని ఆధారాలు

పితృకర్మలు ఆచరించే కుటుంబాలలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లతో పాటు తల్లి, నాయనమ్మ, ముత్తవ్వల పేర్లు కూడా చెప్పుకుంటారు. వ్రాతపూర్వక వంశవృక్షాలలో తరచుగా కనిపించని స్త్రీల పేర్లు ఇక్కడ నిలిచి ఉన్నాయి. జాతక చక్రాలు, పెళ్ళి పత్రికలు, చదివింపుల పుస్తకాలు, అప్పు పత్రాలు, గయ వంటి క్షేత్రాలలోని పండాల పుస్తకాలు కూడా ఉపయోగపడతాయి.

రెండు విషయాలలో జాగ్రత్త అవసరం. మనుమనికి తాత పేరు పెట్టుట వాడుక కనుక ఒకే పేరు తరం విడిచి తరంలో వస్తుంది. ఇద్దరినీ ఒకరుగా పొరబడే ప్రమాదం కలదు. సర్వే నంబరు, తండ్రి పేరు, ఫసలీ చూచి నిర్ధారించవలెను. రెండవది, చాలా ఇంటిపేర్లు ఊరి పేరు నుండి వచ్చినవి. ఒకే ఇంటిపేరు పలు కులాలలో ఉండును. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టరికం నిరూపితం కాదు.

ఉదాహరణ: బస్తర్ కాకతీయులు

ఓరుగల్లు 1323లో ఢిల్లీ సైన్యాల వశమైనది. ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తర్ చేరి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజకుటుంబపు సంప్రదాయం. దీనిని తెలిపే దంతెవాడ శాసనం దిక్పాలదేవుని కాలంలో 1703లో వెలసినది. అనగా సంఘటనకు, శాసనానికి మధ్య 380 సంవత్సరాల వ్యవధి. పైగా ఆ శాసనం వంశాన్ని చంద్రవంశంగా చెప్పగా, కాకతీయుల శాసనాలలో కొన్ని సూర్యవంశమని, కొన్ని చతుర్థకులమని చెబుతాయి. సంప్రదాయం బలమైనదే గాని, తొలి తరాలకు సమకాలిక ఆధారం బలహీనమని దీనివలన గ్రహించవచ్చును. తమ వంశం కాకతీయుల కొలువు నుండి వచ్చినదని చెప్పుకునే కుటుంబాలు ఇదే గీటురాయిపై తమ వంశావళిని పరీక్షించుకొనవలెను. తెలిసిన తాత నుండి వెనుకకు పోవుటయే సరియైన మార్గం. రాజు నుండి ముందుకు వచ్చుట కాదు.

ఇవి కూడా చూడండి
* కాకతీయులు
* వరంగల్ కోట
* కొమర్రాజు వెంకట లక్ష్మణరావు
* చేర్యాల నకాషీ చిత్రకళ